గేటు పక్క ఇల్లు, 1:24 స్కేలులో

జనవరి 11

ఆఫీసుకెళ్ళే దారిలో ఒక పాత ఎస్టేటు గోడ వస్తుంది. ఇక్కడ ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో ఇలాంటివి చాలానే ఉన్నాయి. గోడ మధ్యలో రెండు రాతి స్తంభాలు, వాటిని ఆనుకుని ఒక చిన్న ఇల్లు. ఎర్ర ఇటుక, నిటారుగా లేచిన పెంకుల కప్పు, ఇంటికి మించిన పొగగొట్టం, ముందు గోడలో రాతిపలక మీద 1858. మూడేళ్ళుగా కారులోంచి చూస్తున్నాను. ఈ చలికాలం దాన్ని బొమ్మగా కట్టాలని నిశ్చయించుకున్నాను. అడుగుకి అర అంగుళం చొప్పున, అంటే 1:24.

నాన్నకి ఫోన్‌లో చెప్పాను, ఫలానా లాడ్జి బొమ్మ చేస్తున్నానని. "లాడ్జి ఏంట్రా, బస్టాండు ఎదురుగా ఉండేదా?" అన్నాడు. కాదు నాన్నా, జమీందారు బంగళాకి వెళ్ళే దారి మొదట్లో గేటు తీసే మనిషి ఉండే ఇల్లు అని చెప్పాను. "వాచ్‌మన్ గదికి అంత సోకా?" అన్నాడు. ఆ ప్రశ్నతోనే నేనూ మొదలుపెట్టాను.

ఎస్టేటు పేరు రాయడం లేదు. ఆ ఇంట్లో ఇప్పటికీ మనుషులున్నారు.

జనవరి 19

నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ వాళ్ళు పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) మ్యాపులు చాలా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూపిస్తారు. అందులో 1:2500 స్కేలు మ్యాపు తీశాను. మైలుకి పాతిక అంగుళాలు, అంటే పశువుల కొట్టం కూడా వదలని మ్యాపు. మా లాడ్జి గోరంత ఉంది. అయినా ఆకారం తెలుస్తోంది: రోడ్డు వైపు ఒక అడ్డపట్టీ, దాంట్లోంచి దారి వైపు పొడుచుకొచ్చిన ముక్క, వెనకాల చిన్న తోక. ఇంటికి దూరంగా విడిగా ఒక చుక్కంత గది. దాని దగ్గర ఇంగ్లీషు 'పి' అక్షరం, అంటే చేతి పంపు.

కారులోంచి నాకు ఎప్పుడూ కనపడనివి ఈ తోక, ఈ చుక్క.

ఫిబ్రవరి 2

లోపలికి వెళ్ళకుండా ఇంటి కొలతలు తీసుకోవడం ఎలా? ఇటుకలు లెక్కపెట్టడమే. ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడి ఫోటోలు తీసి, ఇంటికొచ్చి తెర మీద పెద్దవి చేసి లెక్కపెట్టాను. గోడ ఫ్లెమిష్ బాండ్‌లో కట్టారు. అంటే ప్రతి వరసలోనూ ఒక ఇటుక పొడుగు వైపు కనపడుతుంది, పక్కది తల వైపు కనపడుతుంది, మళ్ళీ పొడుగు, మళ్ళీ తల. గచ్చుతో కలిపి పొడుగు ఇటుక 9 అంగుళాలు, తల ఇటుక నాలుగున్నర. ముందుకొచ్చిన గోడలో ఒక వరసకి 14 పొడుగువి, 13 తలవి వచ్చాయి. 126, 58.5 కలిపితే 184.5 అంగుళాలు. పదిహేను అడుగుల నాలుగున్నర అంగుళాలు. బొమ్మలో 195 మిల్లీమీటర్లు.

ఎత్తు ఇంకా తేలిక అనుకున్నాను. నాలుగు వరసలకి ఒక అడుగు అన్నది ఎవరినడిగినా చెప్పే లెక్క. చూరు దాకా 36 వరసలు, కాబట్టి 9 అడుగులు.

ఈ "కాబట్టి" సంగతి తర్వాత చెప్తాను.

ఫిబ్రవరి 16

3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ చెక్క పలకతో నాలుగు గోడలు, వెనక తోక గోడలు కోశాను. వాటి మీద ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు రాసి, గాలికి ఆరే బంకమట్టిని 2 మిల్లీమీటర్ల మందాన అప్పడాల కర్రతో పరిచాను. (మా ఆవిడ చూడలేదు. కడిగి పెట్టేశాను.) కాస్త ఆరాక స్టీలు స్కేలు పెట్టి సూదితో అడ్డగీతలు, తర్వాత ఒక్కో ఇటుకకి నిలువుగీత. ఒక గోడకి రెండు సాయంత్రాలు పట్టింది.

ఫిబ్రవరి 17

పొద్దున్న లేచేసరికి గోడలు అప్పడాల్లా వంగిపోయాయి. ఒకవైపే మట్టి పరిస్తే, అది ఆరుతూ బిగుసుకుని చెక్కని లాగేస్తుందని ఇప్పుడు తెలిసింది. వెనకవైపు కూడా జిగురు పూసి, తడిగుడ్డ వేసి, పైన రెండు బియ్యం బస్తాలు పెట్టాను.

మార్చి 9

నాన్న వచ్చాడు. ఆర్నెల్ల విజిటర్ వీసా. నలభై ఏళ్ళు అమలాపురం చుట్టుపక్కల వడ్రంగం చేసిన మనిషి. కోనసీమలో ఆయన కప్పు ఎక్కించిన పెంకుటిళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. సూట్‌కేసులో అమ్మ పెట్టిన ఆవకాయతో పాటు, చొక్కాలో చుట్టి, రెండు ఉలులు తెచ్చుకున్నాడు. "నీ దగ్గర మంచివి ఉండవని తెలుసు" అన్నాడు.

ఈలోగా లాడ్జిలో ఉండేవాళ్ళకి నేను రాసిన ఉత్తరానికి జవాబు వచ్చింది. ఎనభై దాటిన పెద్దావిడ, ఒక్కరే ఉంటారు, ఎస్టేటు వాళ్ళ దగ్గర అద్దెకి. ఆదివారం టీకి రమ్మన్నారు. నాన్నని తీసుకెళ్ళాను. పెద్దావిడ మాటలు నాన్నకి అర్థం కావు, నాన్న మాటలు ఆవిడకి అర్థం కావు. ఇద్దరూ నా మొహం చూడ్డం మానేసి, గోడలు తట్టి చూసుకుంటూ పెరటి దాకా వెళ్ళిపోయారు.

నేను టేపు తీసి ముందు గోడ వెడల్పు కొలిచాను: 15 అడుగుల 3 అంగుళాలు. ఒకటిన్నర అంగుళమే తేడా. లోపల్లోపల భుజం తట్టుకున్నాను. తర్వాత ఎత్తు. నాలుగు వరసలకి టేపు పెడితే 13 అంగుళాలు వచ్చింది. మళ్ళీ పెట్టాను. పదమూడే. నాన్న వంగి చూసి, "ఇటుక లావురా ఇక్కడ" అన్నాడు, అదేదో అందరికీ తెలిసిన విషయమైనట్టు.

అంటే చూరు ఎత్తు 9 అడుగులు కాదు, 9 అడుగుల 9 అంగుళాలు. బొమ్మలో తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు పొట్టి. బియ్యం బస్తాల కింద పడుకోబెట్టిన గోడలన్నీ చెత్తబుట్టకే.

మార్చి 10

ఇంగ్లండులో ఉత్తరానికి వచ్చేకొద్దీ ఇటుక మందం పెరుగుతుంది. దక్షిణాది లెక్కని ఇక్కడికి తెచ్చి పెట్టడం నా తప్పు. దీనికి తోడు ఇటుక పన్ను కథ ఒకటుంది. 1784లో వెయ్యి ఇటుకలకి ఇంతని పన్ను వేశారు. పన్ను లెక్క మీద కాబట్టి కొందరు పెద్ద ఇటుకలు పోయడం మొదలుపెట్టారు. 1803లో ప్రభుత్వం మేలుకుని 150 ఘనపుటంగుళాలు దాటిన ఇటుకకి పన్ను రెట్టింపు చేసింది. 1850లో మొత్తంగా ఎత్తేశారు. మా లాడ్జి ఆ తర్వాత ఎనిమిదేళ్ళకి కట్టింది. ఇటుకలతో ఇంత సోకు చేయడానికి అదీ ఒక కారణం అయ్యుంటుంది.

మార్చి 23

గోడలు మళ్ళీ చేశాను. ఈసారి రెండువైపులా జిగురు. వరస 3.4 మిల్లీమీటర్లు. ఒక్కటీ వంగలేదు.

ఇవాళంతా రంగు. గోడ మీద ఎర్ర ఇటుకల మధ్య నల్లటి ఇటుకలతో వజ్రాల ముగ్గు ఉంటుంది. దగ్గరగా చూస్తే నలుపు కాదు, నీలం కలిసిన బూడిద. స్టాఫర్డ్‌షైర్ బ్లూ అంటే ఇదే. రంగు కలిపిందేమీ కాదు, ఇక్కడి ఇనుము ఎక్కువున్న మట్టినే బాగా వేడెక్కించి, గాలి సరిగా ఆడనివ్వకుండా కాలిస్తే ఇలా తేలుతుంది. నాన్న చూసి, "మన బట్టీల్లో మాడిన ఇటుకని పునాదిలోకి తోసేస్తాం. వీళ్ళు ముగ్గేశారు" అన్నాడు.

రంగు వేస్తుంటేనే ఒకటి బోధపడింది. ముగ్గులో నీలం ఇటుకలన్నీ తల వైపు ఇటుకలే. ఫ్లెమిష్ బాండ్‌లో తల ఇటుకలు వరస వరసకీ పక్కకి జరుగుతూ పోతాయి కాబట్టి, ఏవి నీలంవి పెట్టాలో తెలిస్తే చాలు, వజ్రం దానంతటదే పడుతుంది. చుక్కల ముగ్గు లాంటిదే. మా అమ్మాయికి ఆ ముక్క చెప్పి బ్రష్ చేతికిచ్చాను. ముందు గోడ మీద ముగ్గు మొత్తం తనే వేసింది, నాకంటే శుభ్రంగా.

ముగ్గు రోడ్డు వైపు, దారి వైపు గోడలకే ఉంది. మూల తిరగ్గానే ఆగిపోతుంది. వెనక గోడ ఒట్టి ఎర్ర ఇటుక, అది కూడా రకరకాల ఎరుపు.

ఏప్రిల్ 6

కప్పు. ఇది నాన్న రాజ్యం.

వాలు సుమారు 55 డిగ్రీలు. నాన్న అట్టముక్క మీద మూలమట్టం పెట్టి గీసి, చాలాసేపు చూశాడు. "వాన జారడానికి ఇంత అక్కర్లేదురా. దీనికి సగం వాలున్నా మన పెంకు నీళ్ళు ఆపుతుంది." నిజమే. ఇక్కడి పెంకు చిన్నది, చదునుగా ఉంటుంది, పదిన్నర అంగుళాలకి ఆరున్నర. ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పరిస్తే పైకి నాలుగంగుళాలే కనపడుతుంది. దీనికి 40 డిగ్రీల దాకా వాలు కావాలి. మిగతా పదిహేను డిగ్రీలు అందానికి. ట్యూడర్ కాలం ఇల్లులా, మూడొందల ఏళ్ళుగా అక్కడే ఉన్నట్టు కనపడాలని యజమాని కోరిక. గోడ పది అడుగులు లేదు, కప్పు పదకొండు అడుగులు లేచింది.

మళ్ళీ ఆ కప్పులోనే పడకగదులు రెండు. పెద్దావిడ పైకి తీసుకెళ్ళి చూపించారు. మెట్లు రెండడుగుల వెడల్పు, మెలి తిరిగి ఉంటాయి. గది నడిమధ్యన తప్ప ఎక్కడా నిటారుగా నిలబడలేం. నేను ఐదడుగుల ఎనిమిది, నాకే తల తగిలింది. ఆవిడ నవ్వి, "మా ఆయన నలభై ఏళ్ళు వంగే నిద్ర లేచారు" అన్నారు.

వాసాలకి 5 మిల్లీమీటర్ల పైన్ పుల్లలు వాడాం. ముందుకొచ్చిన ముక్క కప్పు, అడ్డపట్టీ కప్పు కలిసే చోట రెండు వాలులు ఎదురెదురుగా దిగి నీళ్ళన్నీ ఒకే గాడిలోకి వస్తాయి. ఆ మూలకి వచ్చే వాసాన్ని ఏ కోణంలో కోయాలో నేను కంప్యూటర్‌లో గంటసేపు లెక్క వేశాను. నాన్న రెండు పుల్లలు ఎదురెదురుగా పట్టుకుని, దారం లాగి, పెన్సిల్‌తో గీత పెట్టి కోసేశాడు. రెండూ ఒకటే వచ్చాయి. ఆ మాట ఆయనతో అనలేదు.

ఏప్రిల్ 7 నుంచి 18

పెంకులు. ఒక్కో వాలుకి 43 వరసలు, వరసకి 44 పెంకులు. పెద్ద కప్పుకే సుమారు 3,800. ఒక్కొక్కటీ అతికిస్తే ఈ జన్మకి అవదు కాబట్టి, మందపాటి కాగితాన్ని పట్టీలుగా కోసి, అంచుకి కత్తెరతో గాట్లు పెట్టి, పట్టీలు అతికించాం. ప్రతి ఆరు వరసలకీ మూడు వరసలు చేప పొలుసు ఆకారంలో ఉన్నాయి, వాటికి మాత్రం చివర గుండ్రంగా కోయాలి. మా ఆవిడ ఒక వారాంతం కూర్చుని ఆ పొలుసులన్నీ కోసింది. కొరియన్ సీరియల్ ఒకటి మొత్తం అయిపోయింది.

ఏప్రిల్ 20

గేబుల్ (కప్పు రెండు వాలుల మధ్య లేచే ముక్కోణపు గోడ) అంచున, చూరు కింద వేలాడే నగిషీ పలక ఉంటుంది, బార్జ్‌బోర్డు. మూడాకుల ఆకారంలో చిల్లులు, కింద అంచుకి వంకులు. నాన్న ముచ్చటపడి, లైమ్ అనే చెట్టు సున్నితమైన కర్ర మీద చెక్కడానికి కూర్చున్నాడు. మొదటి రోజు, "రథం చెక్కడం పనిలా ఉంది" అన్నాడు. రెండో రోజు నా ఫోటోలు మళ్ళీ తెప్పించుకుని చూశాడు. "ఇది చేత్తో చెక్కింది కాదు. ఒక అచ్చు పెట్టి రంపంతో కోసి మేకులు కొట్టారు. ఏ ఆకూ పక్క ఆకుకి తేడా లేదు చూడు."

అవును. అప్పటికి ఆవిరి రంపాలు వచ్చేశాయి. ఇలాంటి పలకలు కోసి అమ్మడం తేలికైపోయింది. డిజైన్లకీ పుస్తకాలు ఉండేవి. జాన్ లౌడన్ 1833లో అచ్చేసిన కాటేజీ, విల్లా నిర్మాణ విజ్ఞాన సర్వస్వం లాంటివి తెచ్చుకుని, నచ్చిన బొమ్మ చూపించి కట్టించుకునేవాళ్ళు. మనవాళ్ళు ఇప్పుడు పింటరెస్ట్ చూపించినట్టు.

గేబుల్ పైభాగంలో తెల్ల సున్నం మధ్య నల్ల కర్రల చట్రం ఉంది. ఆ రోజు పెద్దావిడ ఇంట్లో నాన్న కుర్చీ ఎక్కి, దాన్ని వేలితో తట్టి చూసిన సంగతి ఇప్పుడు చెప్పాడు. "ఆ కర్రలు ఏమీ మోయట్లేదురా. అంగుళం పలకలు. వెనకాల ఇటుక గోడే ఉంది." బొమ్మలో కూడా అలాగే, గోడ కట్టేసి పైన ఐస్‌క్రీం పుల్లలు అతికించాం. ఇంత నిజాయితీగా మోడల్ చేయడం నాకిదే మొదలు.

మే 4

బ్యాంకు సెలవు వారం కాబట్టి నాన్నని డెర్బీషైర్‌లోని చాట్స్‌వర్త్ బంగళాకి తీసుకెళ్ళాను. అసలు పని పక్కనున్న ఎడెన్సర్ ఊరితో. రాసేది ఎడెన్సర్, పలికేది 'ఎన్సర్'. ఆరో డ్యూక్ ఆఫ్ డెవన్‌షైర్ కోసం ఆయన తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్, ఆర్కిటెక్ట్ జాన్ రాబర్ట్‌సన్ కలిసి 1838 నుంచి 1842 దాకా ఈ ఊరిని తిరిగి కట్టారు. ఏ ఇల్లూ పక్కింటిలా ఉండదు. ఒకటి స్విస్, ఒకటి ఇటాలియన్, ఒకటి కోటలా. నాన్న ఊరంతా ఒక చుట్టు తిరిగి, "పెళ్ళి సెట్టింగు లాగుంది" అన్నాడు. నాకు మాత్రం నచ్చింది. కాకపోతే ఆయన మాట విన్నాక మునుపటిలా చూడలేకపోయాను.

మే 11

పొగగొట్టం. నాలుగు స్తంభాలు, ఒక్కోటీ ఎనిమిది పలకల ఆకారం, కొప్పు మీద నుంచి ఇంకో ఎనిమిది అడుగులు. ఇల్లు చిన్నదే కావచ్చు, పొగగొట్టం మాత్రం బంగళాది. ఈ పిచ్చి పాతదే. 1811లో బ్రిస్టల్ దగ్గర బ్లేజ్ హామ్లెట్‌లో ఆర్కిటెక్ట్ జాన్ నాష్ కట్టిన తొమ్మిది చిన్న ఇళ్ళకీ తలకి మించిన పొగగొట్టాలే. చెట్ల మధ్య నుంచి దూరానికి ముందు కనపడేది అదే కదా.

చెక్క పుల్లని ఎనిమిది పలకలుగా చిత్రిక పట్టడం నాన్న పని, మీద ఇటుకలు గీయడం నా పని. నాలుగింటికీ లోపల రంధ్రం పెడదామని డ్రిల్ తీశాను. ఎందుకైనా మంచిదని పెద్దావిడకి ఫోన్ చేసి, ఎన్ని పొయ్యిలున్నాయని అడిగాను. "కింద ఒకటి, పైన ఒకటి" అన్నారు. మరి మిగతా రెండు? "చిమ్నీ తుడిచే అబ్బాయి మొదటిసారి వచ్చినప్పుడు అదే అడిగాడు. అవి పైనుంచి కిందకి రావు, కప్పు దగ్గరే ఆగిపోతాయి."

రెండింటికే రంధ్రం పెట్టాను.

మే 25

కిటికీలు. వజ్రం ఆకారపు చిన్న చిన్న అద్దాలు, పోత ఇనుము చట్రాలు. పాత ఓహెచ్‌పీ షీటు (పారదర్శకమైన ప్లాస్టిక్) మీద సూదితో గీసి, గీతల్లోకి నల్లరంగు తోశాను. ముందుకొచ్చిన బే కిటికీకి మూడు ముఖాలు: ఒకటి రోడ్డుకి ఇటు, ఒకటి అటు, ఒకటి సూటిగా గేటుకి. లోపల కుర్చీలో కూర్చున్నవాళ్ళకి బండి ఎటునుంచి వచ్చినా తెలుస్తుంది. పాత టోల్‌గేటు ఇళ్ళకీ ఇదే ఏర్పాటు.

ఒకటి ఆలోచించండి. అద్దం మీద సుంకం 1845లో పోయింది. కిటికీల పన్ను 1851లో పోయింది. అదే ఏడాది లండన్ హైడ్ పార్కులో పాక్స్‌టన్ గారి క్రిస్టల్ ప్యాలెస్ లేచింది. ఒక్కోటీ 49 అంగుళాల పొడవున్న అద్దాలు సుమారు మూడు లక్షలు. అవి తయారైంది స్మెథిక్‌లో, అప్పట్లో ఇదే స్టాఫర్డ్‌షైర్ జిల్లా. ఇంత దగ్గర్లో అంతంత అద్దాలు దొరుకుతుంటే, ఏడేళ్ళ తర్వాత కట్టిన ఈ ఇంటికి అరచేతిలో పట్టే ముక్కలు పెట్టారు. బయటికి ముచ్చటగానే ఉంది. లోపల మధ్యాహ్నం మూడింటికే పెద్దావిడ లైటు వేసుకుంటారు.

లిస్టెడ్ బిల్డింగ్, అంటే ప్రభుత్వం కాపాడే పాత కట్టడాల జాబితాలోది, కాబట్టి అనుమతి లేకుండా మార్చడానికీ లేదు.

జూన్ 8

వెనక భాగం ఇన్నాళ్ళూ వాయిదా వేశాను. చేయడానికి ఏముంది అనుకున్నాను. తీరా కూర్చుంటే మూడు వారాంతాలు తిన్నది ఇదే.

మ్యాపులో తోక అంటే గిన్నెలు, బట్టలు ఉతుక్కునే గది, ఏటవాలు కప్పుతో. దాని పక్కన బొగ్గుల కొట్టు. ఒక్క కిటికీ, మామూలు చెక్క చట్రం, మామూలు అద్దం. ఇల్లు మొత్తంలో వెలుతురు సరిగా వచ్చే గది అదే! పెరట్లో పంపు పోయింది, కింద రాయి మాత్రం నీళ్ళు పడి పడి గుంటపడి ఉంది. ఆ గుంటని మట్టిలో బొటనవేలితో నొక్కి చేశాను. దూరంగా మరుగుదొడ్డి గది, ఇప్పుడు అందులో పార, గొట్టాలు. వెనక గుమ్మం ముందు మెట్టు మధ్యలో అరిగిపోయింది. ముందు వాకిలి మెట్టు కొత్తదానిలా ఉంది. ఈ తేడా ఫోటోల్లో కూడా కనపడుతుంది, నేనే చూడలేదు.

గేటు తీసే పని చాలాచోట్ల ఆడవాళ్ళదే. మొగుడు తోటలోనో, గుర్రాల దగ్గరో పనిచేస్తే, ఈ ఇల్లు ఇచ్చినందుకు భార్య గేటు చూసుకునేది. మా పెద్దావిడ అత్తగారు కూడా ఆ పని చేశారట. రాత్రి పూట హారన్ వినపడితే, వెనక గుమ్మంలోంచి చెప్పులు వెతుక్కుంటూ, ఇల్లు చుట్టి ముందుకి పరుగెత్తేవారట. ముందు తలుపు గుండా వెళ్ళొచ్చు కదా అన్నాను. "ఆ తలుపు వాళ్ళు చూడ్డానికి" అన్నారు.

జూన్ 22

గేట్లు చేయాలా వద్దా అని ఇంట్లో పెద్ద చర్చ. అసలు గేట్లు ఇప్పుడు లేవు. రెండో ప్రపంచయుద్ధంలో దేశమంతటా ఇనుప గేట్లు, కటకటాలు తుక్కు కింద తీసుకెళ్ళిపోయారు, వాటితోపాటే ఇవీ పోయాయి. స్తంభాల్లో గేటు వేలాడదీసే ఇనుప కొక్కేలు మాత్రం తుప్పుపట్టి ఉన్నాయి. అమ్మాయి బంగారు రంగు గేట్లు కావాలంది. నాన్న కొక్కేలు చాలన్నాడు. గుండుసూదులు వంచి, స్తంభానికి రెండు చొప్పున గుచ్చాను. ఇవాళ్టికి ఇంట్లో నాతో మాట్లాడనిది ఒక్కరే.

జూలై 6

బొమ్మని కారు వెనక సీట్లో పెట్టి, పక్కన నాన్న కూర్చుని రెండు చేతులతో పట్టుకుంటే, గంటకి ఇరవై మైళ్ళ వేగంతో లాడ్జికి తీసుకెళ్ళాం. పెద్దావిడ బల్ల మీద టేబుల్‌క్లాత్ పరిచి ఉంచారు. ముందు వైపు ఆవిడకి ఎదురుగా ఉండేలా దించాను. వజ్రాల ముగ్గు, మూడాకుల పలకలు, నాలుగు పొగగొట్టాలు. ఆవిడ చాలా బాగుందన్నారు, నాన్న చేతిని పట్టుకున్నారు, ఆ తర్వాత బొమ్మని పట్టుకుని మెల్లగా తనవైపు తిప్పుకున్నారు.

వెనక వైపు చూస్తూ ఐదు నిమిషాలు కూర్చున్నారు. పంపు రాయి గుంటలో వేలు పెట్టి చూశారు. ఆ తర్వాత కళ్ళజోడు పైకి జరుపుకుని, బొగ్గుల కొట్టు తలుపు అటువైపు కాదు, ఇటువైపు తెరుచుకుంటుంది అన్నారు. అటు తెరుచుకుంటే బక్కెట్టుతో బయటికి రాలేమట.

నాన్న ఏమంటున్నారని అడిగాడు. చెప్పాను. "నేను ఆ రోజే అన్నాను, నువ్వు వినలేదు" అన్నాడు.

శనివారం తలుపు ఊడదీసి, కీళ్ళు అవతలి వైపుకి మార్చాలి.